ఆరడుగుల అనంతగిరి

అమీర్‌పేట,
కార్తీక శుద్ధ చవితి

వదిన గారికి కుసుమ నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకండి, అందరం క్షేమమే. సెల్‌ఫోన్లు వచ్చాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో నాకు మాట్లాడే చోటు లేదు. నేను ఫోన్ తీసుకుంటే మీ తమ్ముడు గారు వచ్చి స్పీకరు పెడతారు. నా గొంతు చిన్నది కదా, "దాని మాట నీకు వినపడదక్కా, నేను చెప్తా" అని నా కష్టం కూడా ఆయనే చెప్పేస్తారు. వాట్సాప్ గ్రూపులో పెడదామంటే, అక్కడ ఆయన ఫోటోల కింద దండాల బొమ్మలు పెట్టడం తప్ప మనకి వేరే పని లేదు. కాగితానికి స్పీకరు ఉండదని తోచి కలం పట్టాను.

బేగంపేట ఆఫీసు వాళ్ళు రిటైర్మెంటు నాడు మీ తమ్ముడు గారికి శాలువా కప్పి పంపారు గదా. ఇప్పుడు ఆ శాలువా కెమెరా పడుకోవడానికి పరుపు. తీసేవన్నీ కొండలు, చెరువులు, బండరాళ్ళు. వాటిని సీనరీలు అనకూడదు, ల్యాండ్‌స్కేపులు అనాలి. నేను ఒకసారి సీనరీ అన్నందుకు ఆ పూట పెరుగు వేసుకోకుండా లేచిపోయారు.

పోయిన నెల నన్ను అనంతగిరి తీసుకెళ్ళారు. పులిహోర కట్టుకుని, ఎర్ర నేత చీర కట్టుకుని, పద్మనాభస్వామి దర్శనం అవుతుందని మురిసిపోతూ వెళ్ళాను. గుడి తలుపులు తీసే వేళకి వెలుగు బాగుందట. కొండ అంచున నిలబడ్డారు.

"కుసుమా, పక్కకి జరుగు. ఫ్రేములో పడుతున్నావు."

జరిగాను.

"ఇంకా."

జరిగాను.

"ఇంకా జరగవే!"

అలా జరిగి జరిగి ఎక్కడో ఒక బండ మీద కూర్చుని, గొంతులోనే విష్ణు సహస్రనామం మొదలుపెట్టాను. ల్యాండ్‌స్కేపులో మనిషి ఉండకూడదట. మనిషి కనిపిస్తే ప్రకృతి చచ్చిపోతుందట. మరి కెమెరా వెనక నిలబడింది ఎవరని నేను అడగలేదు. మీకు తెలుసుగా, నేను అడగను.

ఆ ఫోటోల్లో ఒకటి, పొగమంచులో కొండ, ఇప్పుడు ప్రింటు వేయించాలి. పంజాగుట్టలో విజయేందర్ అనే అతని షాపు నుంచి అరచేతంత ముక్కలు తెచ్చి హాల్లో పడమటి గోడకి అతికించారు. కాన్వాసు అంటే గుడ్డ. దాని మీద వేస్తే ఫోటో అచ్చం పెయింటింగులా ఉంటుందట. అంత పొద్దున్నే లేచి, అంత దూరం వెళ్ళి తీసిన ఫోటో, ఫోటోలా కనిపించకపోవడానికి ఎక్కువ డబ్బు. మెటల్ అంటే రేకు. కిళ్ళీకొట్టు బోర్డుకి వాడేది కూడా రేకే గానీ, అది కళ కాదు. మ్యాట్ పేపరు మెరవదు, వెలుతురుని తాగేస్తుంది. నాకు అదే బాగుంది. అందుకే అది ముందే తీసేశారు. అక్రిలిక్ అంటే దళసరి అద్దంలాంటి పలక, వెనకాల ఫోటో. రంగులు ఇప్పుడే కడిగినట్టు మెరుస్తాయి. దాని మీద మనసు పడింది. సైజు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు.

ఇక్కడే వచ్చింది చిక్కు. పడమటి గోడకి ఎదురుగా, తూర్పు గోడకి, అత్తయ్యగారి దేవుళ్ళు. నేను పొద్దునా సాయంత్రం దీపం పెట్టేది అక్కడే. ఆయన అతికించిన అక్రిలిక్ ముక్కలో ఆ దీపం పడి, కొండకి నిప్పంటుకున్నట్టు కనిపించింది. "చూశావా గ్లేరు!" అన్నారు. నేను మ్యాట్ వేయిస్తారేమో అనుకున్నాను. దేవుళ్ళని మార్చమన్నారు. వంటింటి వెనక బాల్కనీలోకి, వాషింగ్ మెషీన్ పైకి.

వదినా, అత్తయ్యగారు పోయేముందు ఆ పటాలు నా చేతుల్లో పెట్టి తుడవమని చెప్పారు. తుడిస్తే చాలు, ఇంకేమీ అడగలేదు. మెషీన్ తిరిగినప్పుడల్లా వణికే చోట వాటిని ఎలా పెట్టను? ఆయన మీ మాట ఒక్కటే వింటారు. మ్యాట్ వేయించుకోమని, మూడడుగులు చాలని, దేవుళ్ళని కదపొద్దని చెప్పండి. నేను రాసినట్టు మాత్రం తెలియనివ్వకండి.

మీ మరదలు,
కుసుమకుమారి


సామర్లకోట,
నవంబరు నెల

కుసుమా,

పోస్ట్‌మాన్ సంతకం పెట్టమనేసరికి నాకు చెమటలు పట్టాయి. మీ అన్నయ్య పోయాక నాకొచ్చే కవర్లన్నీ ఏదో ఒక ఆఫీసు వాళ్ళు బెదిరించేవే. విప్పి చదివి, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూర్చున్నాను.

మా పాణి సంగతి నువ్వు పెళ్ళయ్యాక చూశావు, నేను వాడు లాగూలు వేసుకున్నప్పటి నుంచి చూస్తున్నా. పదో తరగతిలో హార్మోనియం. వీధి వాళ్ళు కలిసి వచ్చి మా నాన్నకి చెప్పారు. తరవాత హోమియోపతి. సగం ఊరికి తెల్ల గుళికలు వేశాడు. ఎవరికీ తగ్గలేదు, ఎవరికీ పెరగలేదు. ఆ తరవాత రంగు చేపలు. అవి ఒకదాన్నొకటి తినేశాయి, చివరికి మిగిలినదాన్ని చూసి "ఇదే నిజమైన జాతి" అన్నాడు. ఇప్పుడు కొండలు. కొండలు చావవు, పారిపోవు, ఫిర్యాదు చెయ్యవు. వాడికి ఇన్నాళ్ళకి సరైనది దొరికింది.

మనిషి కనిపిస్తే ప్రకృతి చస్తుందా? వాడి పెళ్ళి ఆల్బం తిరగెయ్యి. ప్రతి ఫోటోలో నిన్ను మోచేత్తో వెనక్కి నెట్టి తను ముందుకొచ్చాడు. అప్పుడు ప్రకృతి ఏమైందో!

సరే, నేను మాట్లాడతాలే. గోడ సంగతి నాకు వదిలెయ్. అయినా మరీ మనసు కష్టపెట్టుకోకు. దేవుడు ఎక్కడ పెట్టినా దేవుడేగా.

వాతం నొప్పికి నూనె పంపిస్తానని ఆమధ్య ఫోన్లో అన్నావు, మర్చిపోకు.

వదిన


అమీర్‌పేట,
మార్గశిర శుద్ధ పాడ్యమి

గౌరవనీయులైన సీతామహాలక్ష్మి గారికి,

మీ ఉత్తరం అందింది. నూనె ఈ కవరుతో పాటు వేరే పార్సిల్‌లో పంపాను.

నిన్న నన్ను పంజాగుట్ట షాపుకి తీసుకెళ్ళారు. రంగులు చూడటానికి కాదు, ముక్కల సంచి మోయడానికి. అక్కడ జరిగింది మీకు తెలియాలని రాస్తున్నాను.

"గీ ఫోటో అక్రిలిక్ మీదనే ఏసుకోవాలె సార్," అన్నాడు విజయేందర్. "నీళ్ళు చూడుండ్రి, చెయ్యి పెడితే తడైతదా అన్నట్టు వస్తయ్."

"అవి నీళ్ళు కావు బాబూ, పొగమంచు," అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"ఆరడుగులకి సాగదీస్తే మసకబారదా?" అని మీ తమ్ముడు గారు అడిగారు. మొత్తానికి అడిగారు.

"జర దూరంకెల్లి చూస్తే ఏం ఫికర్ లేదు సార్. గంత పెద్ద ఫోటో దగ్గరికొచ్చి ఎవరు చూస్తరు? మస్తుంటది."

"మా హాలు పదడుగులేనండీ," అన్నాను.

"నువ్వు వంటింట్లోంచి చూడు," అన్నారు ఆయన.

అప్పుడు విజయేందర్, "ఎదురుంగ దీపం గిట్ల ఏమన్న ఉన్నదా సార్? అక్రిలిక్‌ల మెరుపు కొడ్తది. ఉంటే మ్యాట్ ఏస్త," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఉంది, తీసేస్తున్నాం," అన్నారు మీ తమ్ముడు గారు. "దేవుళ్ళని వెనక బాల్కనీలో పెట్టమని మా అక్కే సలహా ఇచ్చింది. అక్కడైతే గాలి కూడా తగులుతుందంది."

నేను సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

దేవుడు ఎక్కడ పెట్టినా దేవుడే అని మీరు రాసిన వాక్యం ఇప్పుడు అర్థమైంది. మంచి వాక్యం. మీ అమ్మగారి పటాలకి గాలి తగలాలన్న మీ శ్రద్ధకి నమస్కారాలు. ప్రింటు పుష్యమాసంలో వస్తుంది. ఆ రోజుకి దేవుళ్ళని దించి పెట్టమని నాకు ఆజ్ఞ అయింది.

ఇట్లు,
కుసుమకుమారి


సామర్లకోట,
డిసెంబరు నెల

కుసుమా,

ఇన్నేళ్ళలో నువ్వు నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆ ఒక్క ముక్క చూసి నాకు అన్నం దిగలేదు. తిడితే బాగుండేది. నీకు తిట్టడం రాదు, అదే నీతో వచ్చిన చావు.

నిజం చెప్తాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే పాణికి ఫోన్ చేశాను. దేవుళ్ళని కదపొద్దురా అన్నాను, ఒట్టు. వాడు వెంటనే, "అయితే అక్కా, నీ హాల్లో పెడదాం. బావ ఫోటో ఉన్న గోడ మీద నాకు ఎప్పటి నుంచో కన్ను. ఆయన్ని పడగ్గదిలోకి మార్చు," అన్నాడు.

మీ అన్నయ్య జన్మలో ఏ ఫోటోకీ నవ్వలేదు, ఒక్క దానికే నవ్వాడు. అదే ఆ గోడ మీద ఉంది. బతికుండగా ఆయన్ని ఏ గదిలోకి పొమ్మంటే ఆ గదిలోకి పోయాడు. ఇప్పుడు కదపడం నా వల్ల కాదు. ఆ భయంలో, "నీ కళ నీ ఇంట్లోనే ఉండాలిరా, దేవుళ్ళదేముంది, బాల్కనీలో గాలి కూడా తగులుతుంది" అనేశాను. నా మొగుణ్ణి కాపాడుకోవడానికి మా అమ్మ దేవుళ్ళని గెంటేశాను. ఇంతకంటే గొప్ప భక్తురాలు ఈ జిల్లాలో లేదు. కావలిస్తే నవ్వు.

నీకు జవాబు రాసేటప్పుడు ఇది దాచాను. తరవాత రెండుసార్లు ఫోన్ చేసి కాదన్నాను. "మాట మార్చకక్కా, ఆర్డర్ ఇచ్చేశా" అన్నాడు.

ఇక నువ్వే. ఒక్కసారి నోరు తెరిచి వద్దు అను. గట్టిగా కాకపోయినా పరవాలేదు, స్పీకరు పెట్టుకుని అను. అప్పటికీ వినకపోతే చెప్పు, నేనే బయల్దేరి వచ్చి ఆ గోడకి ఆనుకుని కూర్చుంటాను. నా మీంచి మేకు కొట్టుకోమను.

నూనె అందింది. కోపంలో కూడా పంపావు. అది ఇంకా బాధగా ఉంది.

నీ వదినే


అమీర్‌పేట,
పుష్య బహుళ తదియ

వదిన గారికి కుసుమ నమస్కారాలు.

అన్నయ్యగారి నవ్వు నాకూ గుర్తుంది. అది నా పెళ్ళిలో తీసిందే, మా పిన్ని అప్పగింతల పాట తప్పుగా పాడినప్పుడు. ఆ గోడ జోలికి ఎవరొచ్చినా ఒప్పుకోకండి. మీరు చేసింది నేనైనా చేసేదాన్నే. కాబట్టి కన్నీళ్ళు మాని ఇది చదవండి.

కొండ వచ్చింది. చెక్క చట్రంలో కట్టి, వ్యాన్ మీద, ఇద్దరు మనుషులతో ఊరేగింపుగా వచ్చింది. మీ తమ్ముడు గారు కొత్త చొక్కా వేసుకుని సెల్లార్‌లోకి దిగారు. నేను పొద్దున దీపం పెట్టి, పటాలు ఇంకా దించకుండా వెనకాలే వెళ్ళాను. దించమన్నప్పుడల్లా అలాగేనండీ అంటూ వచ్చాను. అలాగే ఉంచాను.

మా వాచ్‌మన్ హనుమాండ్లు ఒక చివర పట్టుకున్నాడు.

"సార్, గిది లిఫ్టుల పట్టేటట్టు లేదు."

"నిలువుగా పెట్టవయ్యా."

"నిలువుగ పెడితే తలుపు పడ్తలేదు, అడ్డంగ పెడితే మనం పడ్తలేం."

మెట్ల మీంచి తెమ్మన్నారు. మొదటి మలుపులోనే కొండ ఇరుక్కుంది. పైకీ రాదు, కిందికీ రాదు. మూడో అంతస్తు సుమశ్రీ కూరగాయల సంచితో వచ్చి, దాని కింద నుంచి వంగి దూరి వెళ్ళింది. "అంకుల్, ఏంటిది, డైనింగ్ టేబులా?" అంది. మీ తమ్ముడు గారు హనుమాండ్లు వైపు తిరిగారు.

"తాడు కట్టి బాల్కనీ లోంచి లాగండి," అన్నారు.

"బాల్కనీకి పావురాలు రావద్దని ఇనుప జాలీ కొట్టిచ్చినరు గద సార్. మీరే," అన్నాడు హనుమాండ్లు.

అప్పుడు నా వైపు తిరిగారు. "గోడ కొలిచావా నువ్వు?"

"కొలిచానండీ. సరిగ్గా సరిపోతుంది. రెండు వైపులా జానెడు మిగులుతుంది."

"మరి లిఫ్టు?"

"మీరు గోడే కొలవమన్నారు."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. అంతసేపు చూసి ఎన్నేళ్ళయిందో. నేను పైట సవరించుకున్నాను.

విజయేందర్‌కి ఫోన్ చేస్తే, కోసి రెండు ముక్కలు చేస్తానన్నాడట. కొండని కోస్తానన్న మనిషితో ఆయన ఇంక మాట్లాడలేదు. ఎలాగోలా వెనక్కి లాగి దించారు. ప్రస్తుతానికి అనంతగిరి మా సెల్లార్‌లో, నీళ్ళ మోటారుకీ ఇంటి ఓనర్ల కార్లకీ మధ్య గోడకి బిగించి ఉంది. దాంట్లో దీపం పడదు. కారు లైట్లు పడతాయి. దేవుళ్ళు పైనే ఉన్నారు, ఉన్నచోటే.

మీ మరదలు,
కుసుమ


సామర్లకోట,
జనవరి నెల

కుసుమా,

మీరు గోడే కొలవమన్నారు! ఆ వాక్యం పొద్దున్నుంచి పాడుకుంటున్నాను.

అయితే ఒకటి అడుగుతాను. మీ గృహప్రవేశానికి నేను వచ్చాను. అమ్మ ఇచ్చిన టేకు బీరువా ఆ లిఫ్టులో పట్టక, మెట్ల మలుపులో ఇరుక్కుని, చివరికి బాల్కనీ లోంచి తాళ్ళతో లాగారు. కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిచింది నువ్వు. పాణి ఆ పూట భోజనాల దగ్గరున్నాడు, వాడికి తెలియదు. మరి నీకు?

నేను ఎవరికీ చెప్పను. చెప్పు.

వదిన


అమీర్‌పేట,
మాఘ శుద్ధ దశమి

వదిన గారికి కుసుమ నమస్కారాలు.

గుర్తుంది. ఆర్డరు ఇచ్చిన రోజే గుర్తొచ్చింది, పంజాగుట్ట నుంచి వచ్చే ఆటోలో. మీరు నోరు తెరిచి వద్దు అనమని రాసిన ఉత్తరం వచ్చేసరికి, నోరు మూసుకుంటేనే పని అవుతుందని నాకు తెలిసిపోయింది. ఆయన అడిగినవన్నీ నిజమే చెప్పాను. అడగనిది చెప్పకపోవడం ఏ పాపం కిందికి వస్తుందో గుళ్ళో పంతులుగారిని అడుగుదామనుకున్నాను. మళ్ళీ ఆయన కూడా నేను అడిగినదానికే చెప్తారు గదా అని ఊరుకున్నాను.

కొండ సంగతి వినండి. హనుమాండ్లు కూతురు నవీన ఓణీల ఫంక్షన్ మొన్న సెల్లార్‌లోనే చేశారు. వాళ్ళావిడ రుద్రమ్మ ఆ గోడ చూసి, డెకరేషను వాణ్ణి వద్దంది. కొండ ముందు రెండు కుర్చీలు, పూల దండలు. మేనమామలు, మేనత్తలు, పక్కింటి హాస్టలు అమ్మాయిలు, అందరూ అనంతగిరికి వీపు పెట్టి నిలబడి ఫోటోలు. మీ తమ్ముడు గారు అక్షింతలు వేయడానికి దిగి, అది చూసి కేకేశారు.

"జరగండి, జరగండి! ఫోటోకి అడ్డంగా నిలబడితే ఎలా? కొంచెం పక్కకి జరగండి!"

రుద్రమ్మ చెంగు సర్దుకుంటూ ఏమందో తెలుసా? "మేం జరిగితే ఫోటోల ఏముంటది సార్, ఉత్త గుట్ట తప్ప?"

నేను కొబ్బరి చిప్పలో నవ్వు దాచుకున్నాను. ఆ రోజు నుంచి అపార్ట్‌మెంట్‌లో ఎవరి పుట్టినరోజైనా అక్కడే. అక్రిలిక్ గదా, మధ్యలో తలలు దువ్వుకోవడానికి కూడా పనికొస్తోంది. కొండలో మనిషి లేని గంట లేదు.

ఆయన వారం పాటు కెమెరా ముట్టలేదు. టీ ఇస్తే తాగేవారు, గ్లాసు అడిగితే ఇచ్చేవారు. నాకే జాలేసి, "పడమటి గోడ ఖాళీగా ఉందండీ, చిన్నది ఒకటి పెట్టుకుందాం" అన్నాను. "నీకు నచ్చింది వేయించుకో, నాకెందుకు," అన్నారు. అనడమే గానీ షాపుకి ముందు నడిచింది ఆయనే.

విజయేందర్ ఫోటోలన్నీ తెర మీద పెట్టాడు. ఒకటి దగ్గర నేను ఆపమన్నాను. అదే కొండ, అదే పొద్దు. నల్లటి బండలు, పచ్చగడ్డి, పొగమంచు. ఆయన దాన్ని పనికొచ్చేవాటిలో పెట్టుకుని మర్చిపోయినట్టున్నారు.

"గ్లాసీ ఏస్తే షైనింగ్ వస్తది మేడం."

"మ్యాట్ చాలు బాబూ. దీపం దాంట్లో పడకూడదు."

"సైజు? రెండు బై మూడడుగులు చేద్దామా?"

"అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు. అంతే."

"గంత చిన్నగనా?"

"అంత చిన్నగానే."

అతను బాగా దగ్గరికి పెద్దది చేసి చూశాడు. "మేడం, గీ మూలకి ఏదో ఎర్రగ ఉన్నది, బియ్యపు గింజంత. తీసెయ్యాల్నా?"

మీ తమ్ముడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. వదినా, నేను పోల్చాను. జరుగు, జరుగు అంటే జరిగి జరిగి నేను కూర్చున్న బండ అది. ఆ గింజంత ఎరుపు నా నేత చీర.

"ఉండనీ బాబూ," అన్నాను. "మోదుగ పువ్వు."

ఈ మొత్తం కథలో నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే. మోదుగ శివరాత్రి దాటాక పూస్తుంది, మేం వెళ్ళింది ఆశ్వయుజంలో. కొండలు తీసే మనిషికి ఆ సంగతి తెలియదు, ప్రింటు వేసే మనిషికీ తెలియదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఉంచవయ్యా, ఉంచు. ఆ పువ్వే ప్రాణం," అన్నారు.

ఇప్పుడది పడమటి గోడ మీద, అత్తయ్యగారి దేవుళ్ళకి ఎదురుగా ఉంది. పొద్దున దీపం పెట్టి వెనక్కి తిరిగితే కనిపిస్తాను. అద్దం లేని మ్యాట్ కాగితం కాబట్టి ఏ మెరుపూ పడదు. ఆరడుగులైతే నన్ను వీధిలోంచి పోల్చేవాళ్ళు. అడుగున్నర కాబట్టి నాకూ, ఎదురుగా ఉన్న స్వామికీ తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న ఎర్రమంజిల్ నుంచి ఆయన స్నేహితుడు రవికాంత్ గారు వచ్చారు. మీ తమ్ముడు గారు ఆయన్ని గోడ దగ్గరికి లాక్కెళ్ళి, వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ చూడండి, ఎర్రగా. మోదుగ పువ్వు. దీని కోసం గంటసేపు కదలకుండా నిలబడ్డాను. ఇది లేకపోతే ఫోటో చచ్చిపోయేదండీ!"

నేను కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, పక్కకి జరిగాను.

ఈ కాగితాలు చింపకండి వదినా. అన్నయ్యగారి ఫోటో వెనకాల పెట్టి ఉంచండి, ఆయన చూసి నవ్వుకుంటారు. మీ తమ్ముడు గారికి మాత్రం చూపించకండి. తెలిసిందంటే విజయేందర్ దగ్గరికి వెళ్ళి ఆ పువ్వు చెరిపించేస్తారు.

మీ మరదలు,
కుసుమ